మూడో వార్డులో నాలుగు సెంటీమీటర్లు

ఉదయం ఆరూ పదికి మూడో వార్డు నీళ్ళలో నాలుగు సెంటీమీటర్ల అల లేచింది. పదకొండు సెకన్లు ఉండి అణిగింది. ఏడు గంటలకు డ్యూటీకి వచ్చిన నాంచారమ్మ ఆ నమోదు తెరిచి, సమయం సరిచూసి, కారణం గడిలో తన పేరే రాసి సంతకం చేసింది.

ఆమె జుట్టు ఇంకా ఆరలేదు. తెడ్డు తలుపు పక్కన గోడకు ఆనించి ఉంది. దాని కొన నుంచి కారిన నీళ్ళు నేల మీద మడుగు కట్టాయి. ఎదుటి బల్ల దగ్గర ఓబులేసు తన కాళ్ళు ఆ మడుగుకు దూరంగా జరుపుకున్నాడు.

"ఏమక్కా, మళ్ళా లయ తప్పించినావా?"

"తప్పించాను."

"ఇది ఎన్నోది?"

"రెండోది. మొదటిది ఏప్రిల్‌లో."

"ఇంగొకటయితే?"

"ఏడాది పాటు గట్టు మీద కూర్చుని మిమ్మల్నందరినీ చూస్తూ ఉండటమే."

"గట్టు మీద నాకు తోడుంటావులే" అన్నాడు ఓబులేసు.

అతనిది జమ్మలమడుగు. నోర్‌హోల్మ్‌కు వచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. పడవలో నాలుగు నిమిషాల దారిని వంతెనల మీదుగా ముప్పై ఐదు నిమిషాలు నడిచి వస్తాడు. గదిలో కూర్చున్నప్పుడు కూడా నీళ్ళలో మునగనివ్వని తేలుచొక్కా విప్పడు. నీళ్ళంటే ట్యాంకర్లో రావాలని, యాడ బడితే ఆడ ఉంటే వాటిని నీళ్ళనరని అతని వాదన.

నోర్‌హోల్మ్ నగరం ఉత్తర సముద్రంలో తేలుతుంది. జనాభా ఆరు వేల రెండు వందలు. వార్డులు ఆరు. ఇరవై ఏళ్ళ కిందట ఒక తుఫానుకు ఇళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకున్నాక నగరం కింద నిలకడ అనే యంత్రాంగాన్ని పెట్టారు. వార్డుకొక ఎదురుపలక. నీళ్ళ మీద ఎక్కడ ఏ కదలిక వస్తుందో పలకకు ముందే తెలుస్తుంది. కిందనుంచి అంతే బలంతో ఎదురుదెబ్బ వేస్తుంది. రెండూ కలిసి సున్నా అవుతాయి. తర్వాత నగరం చుట్టూ గట్టు కట్టారు. గట్టు పూర్తయ్యి తొమ్మిదేళ్ళయింది, తుఫాను లోపలికి రావడం లేదు. నిలకడను మాత్రం ఎవరూ ఆపలేదు.

నీళ్ళను తాకే ప్రతిదానికీ, అది ఏ లయలో కదులుతుందో రాసిన అలపత్రం ఉండాలి. పడవకు, తెడ్డుకు, తెడ్డు వేసేవారికి, రేవు మెట్టుకు, పలకకు. పత్రంలో ఉన్న లయ తప్పి రెండు సెంటీమీటర్లకు మించి అల లేస్తే అల నమోదు గది దానికి కారణం రాయాలి. ఒకే పేరు మూడుసార్లు పడితే ఆ పేరు గలది ఏడాది పాటు నీళ్ళ మీద ఉండకూడదు. కిందటేడు మొదటి వార్డు గదిలో కారణం కింద 'బాతు' అని రాశారు. మూడోసారి కూడా అదే రాయాల్సి వచ్చాక ఇద్దరు ఉద్యోగులు ఆ బాతును పట్టుకుని, రసీదు రాసి, గట్టు అవతల వదిలేశారు. ఏడాది నిండగానే అది తిరిగి వచ్చింది.

నాంచారమ్మ మూడో వార్డు గదిలో అల నమోదుదారు. వయసు ముప్పై నాలుగు. ఊరు కొల్లేటి లంక. అక్కడ తాటి దోనెలు ఆమె పుట్టకముందే పోయి గాజునార దోనెలు వచ్చాయి, పని మాత్రం మారలేదు. వల కట్టి, దోనె తిప్పి, తెడ్డు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చినప్పుడల్లా అంచు మీద ఒక దెబ్బ కొట్టాలి. ఆ చప్పుడుకు చేప బెదిరి వలవైపు పోతుంది. నాలుగో ఏట పిన్ని ఆమె చేతికి తెడ్డు ఇచ్చింది. ముప్పై ఏళ్ళుగా తెడ్డు మారినప్పుడల్లా చెయ్యి ఆ దెబ్బకు లేస్తూనే ఉంది. ఇక్కడ వల లేదు. ఎదురుపలకలు వచ్చాక చేప కూడా లేదు. చేతికి ఆ సంగతి తెలియదు, ఎంత ఆపుకున్నా ఎప్పుడో ఒకసారి కొట్టేస్తుంది.

దెబ్బ అంచు మీద పడితే నీళ్ళ మీద పడాల్సినది పడదు. పత్రంలో ఉన్న ఆ దెబ్బ కోసం పలక అప్పటికే ఎదురుదెబ్బ వేసేసి ఉంటుంది. కలవడానికి పైన ఏమీ ఉండదు. అల అలా పుడుతుంది.

"నాకొక అనుమానమక్కా" అన్నాడు ఓబులేసు. "నీళ్ళను కొట్టిండేది ఎవురు? నువ్వు కొట్టలేదు గదా. కొట్టలేదనే గదా తప్పు. కొట్టింది పలక."

"నేను సరిగ్గా కొట్టుంటే దానిది సరిపోయేది."

"అట్లయితే చేసినోళ్ళను ఇడిసిపెట్టి, చెయ్యనోళ్ళ పేరు రాసుకుంటారా?"

"ఊరుకోవయ్యా బాబూ. ఈ సాయంత్రం ఆరు వార్డులూ తిరిగే పడవల చుట్టు ఉంది. పన్నెండు కిలోమీటర్లు ఈ చెయ్యి మాట వింటే చాలు నాకు."

"ఇంటుందా?"

"ఏమో మరి."

"ఇంటే, నీ పత్రం నిలబడితే, రేపు పొద్దున్నే నేను పడవెక్కుతా. జమ్మలమడుగు మీద ఒట్టు."

నాంచారమ్మ తెడ్డు వైపు చూసి, అతని తేలుచొక్కా వైపు చూసి నవ్వింది.

ఆమె ఈ నగరానికి వచ్చి పదమూడు నెలలు. నీళ్ళ మీద ఇల్లు అనగానే ఊగుతుందనుకుంది. మొదటి రాత్రి మంచం మీద పడుకుని ఊగుతుందేమోనని చాలాసేపు ఎదురుచూసింది. ఊగలేదు. బియ్యం దొరికాయి. చింతపండు మూడు నెలలకొకసారి ఓడలో వస్తుందని తెలిసింది. జనవరిలో ఒకరోజు ఎండు రొయ్యలు వేయించింది. వాసన పసిగట్టే యంత్రం పొగనుకుని ఆ భవనంలో పదకొండు ఇళ్ళ కిటికీలు ఒకేసారి తెరిచింది. బయట మైనస్ తొమ్మిది డిగ్రీలు. ఆమె పదకొండు తలుపులూ తట్టి క్షమించమని అడిగింది. పదకొండు మందీ పరవాలేదన్నారు. ఆ తర్వాత కూడా మెట్ల మీద ఎదురుపడితే తల ఊపి వెళ్ళిపోయేవారు. అంతకుమించి మాట ఉండేది కాదు.

ఫిబ్రవరిలో రేవు దగ్గర తెడ్ల సంఘం కాగితం కనిపించింది. ఆరుగురు కూర్చునే పడవలు, తెల్లవారి అభ్యాసం. సంఘంలో తెడ్ల లయకు కేక వేసేది సిగ్రిడ్. అరవై మూడేళ్ళు, పళ్ళ డాక్టరుగా పని చేసి విరమించింది. ఆమె పద్దెనిమిదేళ్ళ అలపత్రంలో ఒక్క తప్పు లేదు. నాంచారమ్మ చెవిలోని పలుకుతోడు ఆమె మాటను తెలుగు చేసి వినిపించింది. ఆ యంత్రానికి ఎవరు నేర్పారో గాని పాఠ్యపుస్తకం తప్ప వేరే తెలుగు రాదు.

"మీరు ఇదివరకెన్నడైనను తెడ్డు పట్టితిరా?"

"నాలుగో ఏట నుంచి."

ఆ రోజు రేవు నుంచి మలుపు దాకా వెళ్ళి వచ్చారు. తిరిగి వచ్చాక సిగ్రిడ్ ఏమీ అనకుండా మూడో సీటు మీద నాంచారమ్మ పేరు రాసింది. ఆ రాత్రి నాంచారమ్మకు నిద్ర పట్టింది. అప్పటినుంచి సంఘం పడవలో గంట గడిపాకే పనికి వస్తోంది. మెట్ల మీద తలలు ఊపే జనం ఇప్పటికీ తలలే ఊపుతారు, ఆమె మాత్రం ఈల వేసుకుంటూ దిగుతుంది. ఏప్రిల్‌లో మొదటి తప్పు నమోదయినప్పుడు మొదటి సీటు యోనాస్ పడవ అంచుకు తువ్వాలు చుట్టాడు. చప్పుడు ఆగింది, అలవాటు ఆగలేదు.

పదకొండున్నరకు ఓబులేసు కుర్చీ వెనక్కి జరిపాడు. పొద్దుటి అలకు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో మధ్యాహ్నంలోగా నగర కార్యాలయానికి చెప్పడం అతని పని. అల లేచినప్పుడల్లా వార్డులోని రెండు వందల పద్నాలుగు ఇళ్ళకూ ప్రశ్న వెళ్తుంది.

"అక్కా, ఫిర్యాదులు సున్నా."

"మంచిదేగా."

"జవాబులు నూట ముప్పై ఒకటి. ఫిర్యాదు లేకపోతే ఇంతమంది ఏమి రాసిండారు?"

ఆ ప్రశ్నావళి చివర 'ఇతరం' అని ఒక గడి ఉంది. అందులో ఏముందో పైకి పంపమని ఎవరూ అడగరు. రెండేళ్ళలో ఓబులేసు దాన్ని తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు. పలుకుతోడు చదవడం మొదలుపెట్టింది.

"మా గదిలోని దీపము ఊగినది. ఎవరికి కృతజ్ఞతలు తెలుపవలెను?"

"మా శిశువు తొట్టిలో తనంత తాను నవ్వెను. మరల ఎప్పుడు?"

"పొరుగింటివారు నేడు మొదటిసారి మా తలుపు తట్టిరి. మీకును ఊగినదా అని అడిగిరి. కాఫీ త్రాగి వెళ్ళిరి."

"ఇంటి నంబరు రెండు వందల పన్నెండు. నా వయస్సు తొంభై ఒకటి. నా టీ కప్పులో అల వచ్చినది. ఇరువది సంవత్సరముల తరువాత చూచితిని. వేళ తెలిపినచో ముందుగనే టీ కాచుకొందును."

నాంచారమ్మ బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి ఓబులేసు భుజం మీదుగా తెర చూసింది. నూట ముప్పై ఒకటీ నిలబడే చదివింది.

"పాపం, ముసలాయనకు ఒక జవాబన్నా రాయాల" అన్నాడు ఓబులేసు.

అతను రాసింది రెండు వాక్యాలు. సాయంత్రం ఏడూ నలభైకి సంఘం పడవలు మీ ఇంటి ముందు నుంచి వెళ్తాయి. అల మాత్రం ఉండదు.

ఇతరం గడికి అంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. ఇస్తే అది వార్డు మొత్తానికి పోతుందన్న సంగతి ఓబులేసుకు మీట నొక్కాక తెలిసింది.

"నీకు మీట ఇచ్చినోళ్ళననాలి" అంది నాంచారమ్మ.

"ఉండదని కూడా రాసినా గదక్కా!"

సాయంత్రం ఆరున్నరకు ఆరు పడవలు రేవు వదిలాయి. పడవకు ఆరుగురు, మొత్తం ముప్పై ఆరు తెడ్లు. ఆ నెలలో పదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. పద్నాలుగు దెబ్బలకొకసారి సిగ్రిడ్ "హో" అంటుంది, అందరూ చెయ్యి మారుస్తారు. మొదటి వార్డు దాటేసరికి నాంచారమ్మ యాభై మూడు మార్పులు లెక్కపెట్టింది. చెయ్యి మాట విన్నది. రెండో వార్డు దాటేసరికి నూట పది. ముందు సీటు నుంచి యోనాస్ వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"నాంచారీ, మీరు శ్వాసించుచున్నారా?"

"మాట్లాడించకు. లెక్క తప్పుతుంది."

"తప్పినచో నా తువ్వాలు మీదే."

పడవలో నవ్వులు లేచాయి. నవ్వుకు కూడా పత్రం లేదని, నెమ్మదిగా నవ్వమని సిగ్రిడ్ హెచ్చరించింది.

ఏడూ ముప్పై ఎనిమిదికి మూడో వార్డు మలుపు తిరిగారు. కాలువకు రెండు వైపులా బాల్కనీల నిండా జనం ఉన్నారు. ఎవరూ కేకలు వేయడం లేదు, చేతులు ఊపడం లేదు. ఒకామె గదిలోని దీపాన్ని ఊడదీసి తెచ్చి కర్రకు కట్టి బయటకు పట్టుకుంది. ఒకతను తొట్టిని బిడ్డతో సహా బాల్కనీలోకి లాక్కొచ్చాడు. చాలామంది చేతుల్లో కప్పులు ఉన్నాయి. రెండు వందల పన్నెండో ఇంటి ముందు కుర్చీలో ఒక ముసలాయన రెండు చేతులతో కప్పు పట్టుకుని ఉన్నాడు. ఆయన పడవల వైపు చూడటం లేదు. కప్పులోకి చూస్తున్నాడు.

సిగ్రిడ్ "హో" అంది. నూట అరవై రెండు. నాంచారమ్మ చెయ్యి మార్చింది. చెయ్యి మాట విన్నది. ముసలాయన కప్పు కొంచెం వంచి మళ్ళీ చూశాడు.

"సిగ్రిడ్ గారూ" అంది నాంచారమ్మ. "వచ్చే మార్పుకు నేను అంచు మీద కొడతాను."

వెనక నుంచి సిగ్రిడ్ లెక్క చెప్పింది.

"అది మూడవది అగును."

"తెలుసు."

"ఒక సంవత్సరము."

"తెలుసండీ. ఆయన టీ చల్లారిపోతోంది."

సిగ్రిడ్ బాల్కనీల వైపు చూసింది. ఈ కాలువలో పద్దెనిమిదేళ్ళుగా తెడ్డు వేస్తోంది. ఇంతమంది బయటికి రావడం ఆమె చూడలేదు.

"ఒక తెడ్డునకు నాలుగు సెంటీమీటర్లు" అంది. "ముప్పై ఆరింటికి?"

"నేనెప్పుడూ లెక్క కట్టలేదండీ."

"మీరు నమోదుదారు కదా!"

"రాస్తేనే కదా తెలిసేది!"

సిగ్రిడ్ తెడ్డు పైకెత్తి మిగతా ఐదు పడవలకూ వినబడేలా ఏదో అరిచింది. ఆ మాటను పలుకుతోడు తెలుగు చేయలేదు, మూడుసార్లు గురగురమని ఊరుకుంది. పడవలన్నీ దగ్గరకు వచ్చాయి. యోనాస్ అంచుకు చుట్టిన తువ్వాలు లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. పద్నాలుగు దెబ్బలు అందరూ పైకే లెక్కపెట్టారు.

"హో!"

ముప్పై ఆరు తెడ్లు ఆరు పడవల అంచుల మీద ఒకే దెబ్బ కొట్టాయి. నీళ్ళ మీద ఒక్కటీ పడలేదు. రాని ముప్పై ఆరు దెబ్బలకూ పలక కిందనుంచి ఎదురుదెబ్బ వేసింది.

పడవలు లేచాయి. అల రెండు వైపులా ఇళ్ళ కిందకు పోయింది. బాల్కనీలు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచి దిగాయి. దీపం కర్ర చివర ఊగింది. తొట్టిలో బిడ్డ ఏడుపు అందుకోబోయి మానేసింది. తర్వాత జనం నవ్వడం మొదలుపెట్టారు. ఈ చివర మొదలైన నవ్వు అలతో పాటే ఆ చివరకు పోయింది. రెండు వందల పన్నెండో ఇంటి ముసలాయన టీ సగం చొక్కా మీద ఒలికింది. మిగతా సగం తాగి, ఖాళీ కప్పును పడవల వైపు ఎత్తి చూపించాడు.

అల నమోదు గది కూడా నీళ్ళ మీదే తేలుతుంది. చుట్టు అక్కడితో వదిలేసి ఎనిమిదీ పదికి నాంచారమ్మ లోపలికి వచ్చేసరికి ఓబులేసు బల్లను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"పోయినాననుకున్నా అక్కా."

"భయపడ్డావా?"

"భయపడినా. నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి వచ్చినాయి, ఇదేంది?"

"అదే తమ్ముడూ. అదే."

తెర మీద నమోదు తెరిచి ఉంది. సమయం ఏడూ నలభై. ఎత్తు పందొమ్మిది సెంటీమీటర్లు. కారణం గడి ఖాళీ. గంటలోగా నింపాలి, ఇంకా అరగంట ఉంది.

"ముప్పై ఆరు పేర్లూ కొట్టినా. గడిలో ఒకటే పట్టేది అంటాంది" అన్నాడు ఓబులేసు. "నీ పేరు ఒక్కటే రాస్తే పట్టేది. నాకు చెయ్యి రాలా."

"జరుగు, నేను రాస్తాను. మొదలుపెట్టింది నేనేగా."

అతను జరగలేదు.

"పొద్దున అడిగినదే అడుగుతా. నీళ్ళను కొట్టిండేది ఎవురు?"

నాంచారమ్మ తెర వైపు వంగింది. పదమూడు నెలల్లో ఆమె, ఎక్కువగా కప్పు కూడా కదలని చిన్న అలలకు, రెండు వందల పైచిలుకు నమోదులు రాసింది. జరగనిది ఒక్కటీ రాయలేదు. తెర మీద అల గీతను పెద్దది చేసి చూసింది. గీత పైనుంచి మొదలవలేదు. కిందనుంచి మొదలయింది. ఏప్రిల్ నమోదు తెరిచింది. అక్కడా కిందనుంచే. పొద్దుటిది తెరిచింది. అక్కడా అంతే.

"పలక" అంది.

"దానికి పత్రం ఉందా లేదా?"

"ఉంది."

"బాతుకు రాయలేదా?"

"రాశారు."

"మరి? ఇది నేను రాస్తా. ఆ రెండూ నీ సంతకంతో ఉండాయి, ఏడాది దాటలేదు, దిద్దుకోవచ్చు. నువ్వే మార్చాల."

"ఇది అబద్ధం కాదుగా?"

"గీత చూసింది నువ్వా, నేనా?"

ఎనిమిదీ ఇరవై రెండుకు నాంచారమ్మ ఏప్రిల్ నమోదులో తన పేరు కొట్టేసి 'మూడో వార్డు ఎదురుపలక' అని రాసి సంతకం చేసింది. ఎనిమిదీ ఇరవై నాలుగుకు ఉదయం ఆరూ పది నమోదులో అదే రాసింది. ఎనిమిదీ ఇరవై ఆరుకు ఓబులేసు ఏడూ నలభై నమోదులో అదే రాశాడు. గడి మూడుసార్లూ పట్టింది.

ఎనిమిదీ ముప్పై ఒకటికి తెర మీద నిలకడ ఉత్తర్వు వచ్చింది. మూడో వార్డు ఎదురుపలక: మూడు నమోదులు. ఏడాది పాటు నీళ్ళ నుంచి తొలగింపు. కింద రసీదు నంబరు ఉంది. కాలువ అడుగున ఏదో పెద్దది కిందకు దిగిన చప్పుడు వినిపించింది. గది ఒకసారి ఎడమకు ఒరిగింది, ఒకసారి కుడికి ఒరిగింది, ఆగలేదు. ఓబులేసు మళ్ళీ బల్ల పట్టుకున్నాడు.

"తమ్ముడూ" అంది నాంచారమ్మ. "నా పత్రం నిలబడింది."

"ఆ సంగతి నాకు తెలుసు" అన్నాడు ఓబులేసు, బల్ల వదలకుండా.

"జమ్మలమడుగు మీద ఒట్టు."

"తెలుసంటిని గదక్కా."

మరుసటి ఉదయం ఆరూ పదికి మూడో వార్డు నీళ్ళలో నాలుగు సెంటీమీటర్ల అల లేచింది. పదకొండు సెకన్లకు అణగలేదు. గట్టు దాకా పోయి తిరిగి వచ్చింది. ఫిర్యాదులు సున్నా, జవాబులు రెండు వందల పద్నాలుగు. ఆ సమయానికి వార్డులో ఉన్న పడవ ఒకటే. మూడో సీటులో నాంచారమ్మ ఉంది. యోనాస్ రేవు మీద నిలబడి ఉన్నాడు. అతని సీటులో ఒకదాని మీద ఒకటి రెండు తేలుచొక్కాలు తొడుక్కుని ఓబులేసు కూర్చున్నాడు.